పుస్తకాల షాపు మూత: ఎవరి దుఃఖం? ఎవరి చోటు?

1

మా జిల్లా కేంద్రంలో నలభై ఏళ్ళకు పైగా నడిచిన పుస్తకాల షాపు ఒకటి ఈ మధ్య మూతపడింది. యజమాని పోయాక కొడుకులు బిల్డింగు అమ్మేసుకున్నారు. ఆ షాపు మీద సంస్మరణ సంచిక వేస్తున్నామనీ, అక్కడ నిలబడి చదువుకుని ఇంతవాడివయ్యావు గనుక నువ్వూ నాలుగు పేజీలు రాయాలనీ పాత మిత్రుడొకడు ఫోన్ చేశాడు. అప్పటికే అందిన వ్యాసాలు కొన్ని చూడమని పంపాడు కూడా. అన్నీ చదివాను. రాసినవాళ్ళలో లెక్చరర్లున్నారు, కవులున్నారు, ఒకరిద్దరు పాత విప్లవకారులూ ఉన్నారు. ఎవరి దుఃఖాన్నీ నేను శంకించడం లేదు. కానీ అందరి చేతిలోనూ ఒకే మాటల మూట ఉంది. సరస్వతీ నిలయం. అక్షరాల గుడి. జ్ఞాన దేవాలయం. షాపు యజమాని ఆ గుడికి పూజారి. కొత్త పుస్తకం వాసన ధూపం. దేవుణ్ణి నమ్మనని సభల్లో చెప్పే పెద్దమనిషి కూడా పుస్తకాల షాపు గుమ్మం దగ్గరికొచ్చేసరికి చెప్పులు విడిచి చేతులు జోడించాడు.

గుడి అన్న మాట దగ్గర నా కలం ఆగిపోయింది. గుడిలోకి ఎవరు వెళ్ళొచ్చో, ఎవరు బయటే నిలబడాలో మన వాడల్లో పసిపిల్లకి కూడా తెలుసు. పుస్తకాల షాపును గుడితో పోల్చేవాళ్ళకు ఆ పోలికలో తప్పేమీ కనిపించకపోవడమే అసలు సంగతి. గుడి వాళ్ళను ఏనాడూ ఆపలేదు మరి.

ఆ షాపంటే నాకు ప్రేమ లేక ఈ మాట అనడం లేదు. 1985 జులై 17న కారంచేడు జరిగింది. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. ఆ తర్వాతి ఏడాది ఆ షాపులోనే అంబేడ్కర్ పేరున్న పుస్తకాన్ని మొట్టమొదటిసారి చేత్తో పట్టుకున్నాను. కొనడానికి డబ్బుల్లేవు. రోజూ సాయంత్రం కాలేజీ వదిలాక వెళ్ళి, కౌంటరుకు దూరంగా మూలన నిలబడి, పది పదిహేను పేజీలు చదివి, పేజీ నంబరు గుర్తుపెట్టుకుని వచ్చేవాణ్ణి. యజమాని చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు. ఆ పుస్తకం అలా నిలబడే పూర్తిచేశాను. ఇది ఆ షాపుకు నేను పడ్డ బాకీ. కాదనను.

ఇంకో సంగతి కూడా ఉంది. అదే షాపులో విద్యార్థులకు అరువు ఖాతా ఉండేది. ఎర్ర అట్ట పుస్తకం. నెలాఖరుకు కట్టేటట్టు రాసుకునేవాళ్ళు. ఒకరోజు నేనూ నా క్లాసుమేటూ కలిసి వెళ్ళాం. అతనేం ఉన్నవాడు కాదు, మాకంటే పావలా ఎక్కువున్నవాడంతే. అతని పేరు రాసుకుని పుస్తకం ఇచ్చాడు. నా వంతు వచ్చింది. "ఎవరి తాలూకు అబ్బాయ్?" అన్నాడు. చెప్పాను. "ఏ పేట?" అన్నాడు. అదీ చెప్పాను. ఆ ఎర్ర అట్ట పుస్తకం మెల్లగా మూసి సొరుగులో పెట్టి, "డబ్బులున్నప్పుడు రా నాయనా, పుస్తకం ఎక్కడికీ పోదు" అన్నాడు. తిట్టలేదు. గొంతు పెంచలేదు. ఎంతో మెత్తగా చెప్పాడు. ఆ మెత్తదనమే ఇన్నేళ్ళూ గుర్తుండిపోయింది.

నిలబడి చదవనిచ్చాడన్నదీ నిజమే. పేరు రాసుకోలేదన్నదీ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచిపెడితే అది సంస్మరణ అవుతుంది గానీ విమర్శ కాదు. రెండూ కలిపి చూసినప్పుడే అసలు ప్రశ్న లేస్తుంది. పుస్తకాల షాపు మూతపడినప్పుడు పోయేదేమిటి? ఎవరికి పోతుంది?

2

గుడి అన్న మాటకు బదులు ఇంకే మాట ఉంటుందని వెతుకుతుంటే నాకు హార్లెంలోని ఒక బోర్డు గుర్తొచ్చింది. న్యూయార్క్ నగరంలో నల్లవాళ్ళ పేట హార్లెం. అక్కడ సెవెంత్ అవెన్యూ మీద, 125వ వీధి మూల దగ్గర, లూయిస్ మిషో అనే నల్లజాతి మనిషి 1930ల్లో ఒక పుస్తకాల షాపు తెరిచాడు. నేషనల్ మెమోరియల్ ఆఫ్రికన్ బుక్‌స్టోర్ దాని పేరు. షాపు ముందు పెద్ద పెద్ద బోర్డులు. అందులో ఒకటి ఆ షాపును ఇంగితజ్ఞానం ఉండే ఇల్లు అంటుంది, సరైన ప్రచారానికి నివాసం అంటుంది. గుడి అనలేదు, ఇల్లు అన్నాడు. జ్ఞానం అని కూడా అనలేదు, ఇంగితం అన్నాడు. ప్రచారం అన్న మాటకు సిగ్గుపడలేదు. మీరు ఇన్నాళ్ళూ మా మీద చేసిందీ ప్రచారమే, ఇక మా మాట మేం చెప్పుకుంటాం అన్న తెగింపు ఆ బోర్డులో ఉంది.

మిషో పుట్టింది వర్జీనియా రాష్ట్రంలో. నల్లవాళ్ళకు చదువు చెప్పడం కోసం గుమిగూడడమే నేరమని 1831లో చట్టం చేసిన రాష్ట్రం అది. దక్షిణ కరోలినాలో అయితే బానిసలకు రాయడం నేర్పకూడదని 1740లోనే చట్టముంది. వేదం విన్న శూద్రుడి చెవిలో సీసం పొయ్యమన్న ధర్మసూత్రాల దేశం వాళ్ళం మనం. ఈ చట్టాల సంగతి మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. అయితే ఒక తేడా గమనించాలి. అక్కడ నిషేధాన్ని శాసనసభ కాగితం మీద రాసింది. కాగితం మీదున్నది కాగితంతో కొట్టెయ్యొచ్చు. ఇక్కడ నిషేధం కాగితం మీద లేకపోయినా "ఏ పేట?" అన్న రెండు మాటల్లో ఇంకా బతికే ఉంటుంది.

మిషో గురించి ఒక కథ చెప్పుకుంటారు. షాపు పెట్టడానికి బ్యాంకుకు అప్పుకోసం వెళితే, తిండి దుకాణమైతే ఇస్తాంగానీ పుస్తకాలకు ఇవ్వం, నల్లవాళ్ళు చదవరు అన్నారట. చదవనివ్వని వాళ్ళే చదవరని తీర్పు చెప్పడం మనకూ కొత్త కాదు. దళిత సాహిత్యం ఎవరు కొంటారండీ అని అడిగే పంపిణీదార్లను మన కవులందరూ చూసినవాళ్ళే. 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చాక ఆ ప్రశ్న కొంచెం గొంతు తగ్గించుకుంది గానీ చచ్చిపోలేదు.

కొద్దిపాటి పుస్తకాలతో మొదలైన మిషో షాపులో చివరికి రెండు లక్షలకు పైగా పుస్తకాలు ఉండేవంటారు. ఆఫ్రికా గురించి, బానిసత్వం గురించి, నల్లవాళ్ళు రాసినవీ, నల్లవాళ్ళ మీద రాసినవీ. ప్రపంచంలో తెల్లవాళ్ళు కాని జనం రెండు వందల కోట్లని లెక్కగట్టి, వాళ్ళ చరిత్ర ఇక్కడ దొరుకుతుందని బోర్డు కట్టాడు. ఆ లెక్కలో మనమూ ఉన్నామని మన తాతలకు తెలియదు. హార్లెంలో ఒక మనిషికి మాత్రం తెలుసు.

మరీ ముఖ్యమైంది అక్కడి పద్ధతి. కొనలేనివాళ్ళు లోపల కూర్చుని చదువుకోవచ్చు. నిలబడి కాదు, కూర్చుని. ఈ తేడా చిన్నదిగా కనిపించేవాళ్ళకు నేను చెప్పగలిగిందేమీ లేదు. ఇక షాపు బయట ఫుట్‌పాత్ ఉంది. ఆ మూల హార్లెం జనానికి సభాస్థలి. నిచ్చెనెక్కి మాట్లాడేవాళ్ళు, కరపత్రాలు పంచేవాళ్ళు, మార్కస్ గార్వే అనుచరులు, అందరూ అక్కడే. 1965లో హత్యకు గురయ్యేదాకా మాల్కం ఎక్స్ ఆ షాపుకు వచ్చిపోయే పాఠకుడు, దాని ముందు జరిగిన వీధిసభల్లో వక్త. జైలు గ్రంథాలయంలో చదువు మొదలుపెట్టిన మనిషికి బయటికొచ్చాక దొరికిన గ్రంథాలయం ఇది. లోపల చదివింది బయట మాట్లాడడం, బయట విన్నది లోపలికెళ్ళి వెతుక్కోవడం. పుస్తకానికీ సభకూ మధ్య ఒక్క గడప. మిషో షాపు గొప్పదనం ఆ గడపే అని నా అభిప్రాయం.

3

అంత షాపు ఎట్లా మూతపడింది? మన సంస్మరణ వ్యాసాల్లో ఈ ప్రశ్నకు ఎప్పుడూ ఒకటే జవాబు. జనం చదవడం మానేశారు. టీవీ వచ్చింది, సెల్‌ఫోన్ వచ్చింది, కుర్రాళ్ళు చెడిపోయారు. ఏడుపు కాస్తా చివరికి పాఠకుడి మీద తిట్టుగా మారుతుంది.

హార్లెంలో జనం చదవడం మానలేదు. 1968 నాటికి నల్లవాళ్ళ పుస్తకాల షాపులు నగరం తర్వాత నగరంలో పుట్టుకొస్తున్నాయి. ఎంతగా అంటే, ఆ ఏడాది అక్టోబరులో ఎఫ్.బి.ఐ. అధిపతి ఎడ్గార్ హూవర్, తీవ్రవాదులవని తాను భావించిన నల్లవాళ్ళ పుస్తకాల షాపులన్నిటినీ గుర్తించి ఆరా తియ్యమని తన కార్యాలయాలకు ఉత్తర్వు పంపాడు. అదే ఏడాది పౌరహక్కుల ఉద్యమ కార్యకర్తలు వాషింగ్టన్‌లో తెరిచిన డ్రమ్ అండ్ స్పియర్ షాపు మీద కూడా నిఘా పడింది. ఆ షాపు 1974లో మూతపడింది. పుస్తకాల షాపును చూసి ప్రభుత్వం భయపడిందంటే అక్కడ జనం చదువుతున్నట్టే లెక్క.

మిషో షాపును మూయించింది స్థలం. న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వం ఆ మూల మొత్తాన్ని ఒక పెద్ద కార్యాలయ భవనం కోసం తీసుకుంది. హార్లెం అభివృద్ధి కోసమే అన్నారు. 1968లో షాపు లేచి 125వ వీధిలోనే ఇంకోచోటికి మారాల్సి వచ్చింది. 1969లో జనం ఆ ఖాళీ స్థలాన్ని ఆక్రమించి, మాకు ఆఫీసులు కాదు, బడి కావాలి, ఇళ్ళు కావాలి అని కూర్చున్నారు. పోలీసులు లేపేశారు. భవనం లేచింది. 1974లో మిషో షాపు మూతపడింది. 1976లో ఆయన చనిపోయాడు. ఆ భవనానికి తర్వాత 1983లో ఆడమ్ క్లేటన్ పవెల్ పేరు పెట్టారు. పవెల్ హార్లెం నుంచి ఎన్నికైన నల్లజాతి కాంగ్రెస్ సభ్యుడు. నల్లవాళ్ళ పుస్తకాల ఇంటిని తీసేసిన చోట నల్లవాడి పేరున్న ప్రభుత్వ భవనం. పేరు మనది, చోటు వాళ్ళది. ఈ కిటుకు మనకు బాగా పరిచయమే. వాడను తుడిచేసి, కూడలిలో విగ్రహం నిలబెట్టడం మనం చూడనిదా?

ఇది ఒక్క షాపు కథైతే యాదృచ్ఛికం అనుకోవచ్చు. అదే హార్లెంలో ఉనా ముల్జాక్ అనే స్త్రీ 1967లో లిబరేషన్ బుక్‌స్టోర్ తెరిచింది. అంతకుముందు గయానాలో పీపుల్స్ ప్రోగ్రెసివ్ పార్టీ పుస్తకాల షాపులో పనిచేస్తుండగా 1964లో బాంబు పేలి గాయపడ్డ మనిషి ఆమె. బాంబు దెబ్బ తిన్నాక కూడా తిరిగొచ్చి మళ్ళీ పుస్తకాల షాపే పెట్టింది. నలభై ఏళ్ళు నడిపింది. 2000లో ఖాళీ చెయ్యమంటే హార్లెం జనం అడ్డం నిలబడ్డారు. చివరికి 2007లో మూతపడింది. బాంబు ఆపలేని పనిని ఆఖరుకు అద్దె, ముసలితనం, ఒంటరితనం కలిసి ఆపాయి.

శాన్‌ఫ్రాన్సిస్కోలో జూలియన్, రే రిచర్డ్‌సన్ దంపతులు 1960లో పెట్టిన మార్కస్ బుక్స్ సంగతీ అంతే. మార్కస్ గార్వే పేరు మీద పెట్టిన షాపు. అది ఉన్న ఫిల్‌మోర్ పేటలో నల్లవాళ్ళను నగర పునర్నిర్మాణం పేరుతో వేల సంఖ్యలో ఖాళీ చేయించారు. 2014 మొదట్లో నగరపాలక సంస్థ ఆ షాపున్న ఇంటిని చారిత్రక కట్టడంగా గుర్తించింది. అదే ఏడాది మేలో షాపును బయటికి పంపించారు. కట్టడం చరిత్ర అయింది, అందులో మనుషులు అద్దెకున్నవాళ్ళయ్యారు. ఓక్లండ్‌లోని వాళ్ళ రెండో షాపు మాత్రం నిలబడింది.

ఇన్ని సంగతులు ఏకరువు పెట్టడం ఎందుకంటే, పుస్తకాల షాపు చావును సంస్కృతి క్షీణతగా చూపించే అలవాటులో ఒక దాపరికం ఉంది. అందులో భూమి కనిపించదు. అద్దె, రిజిస్ట్రేషన్, మునిసిపాలిటీ కనిపించవు. వాసన, దుమ్ము, జ్ఞాపకాలు మాత్రం కనిపిస్తాయి. సొంత ఇల్లున్నవాడికి పుస్తకాల షాపు ఒక జ్ఞాపకం. చోటు లేనివాడికి అది ఒక చోటు.

4

ఈ చోటు ప్రశ్న మనకు హార్లెం నుంచి దిగుమతైంది కాదు. బాబాసాహెబ్ జీవితంలోనే ఉంది. 1913 నుంచి 1916 దాకా ఆయన న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివాడు. హార్లెంకు ఆనుకునే ఉంటుంది ఆ విశ్వవిద్యాలయం. మిషో షాపు అప్పటికి పుట్టలేదు. కడుపు మాడ్చుకుని పాత పుస్తకాల అంగళ్ళలో దాదాపు రెండువేల పుస్తకాలు కొన్నాడని ఆయన జీవితచరిత్రకారులు రాశారు. 1917లో తిరిగొస్తుంటే, విడిగా ఓడలో పంపిన సామాను మొదటి ప్రపంచయుద్ధంలో టార్పెడో దెబ్బకు సముద్రం పాలైంది. అదే ఏడాది బరోడాలో ఉద్యోగంలో చేరితే ఉండడానికి గది దొరకలేదు. పేరు మార్చుకుని పార్శీల సత్రంలో దిగితే కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. న్యూయార్క్‌లో రెండువేల పుస్తకాలు కొనుక్కోగలిగినవాడికి బరోడాలో ఒక్క గది దొరకలేదు. పుస్తకం దొరుకుతుంది, చోటు దొరకదు. మన చరిత్రంతా ఈ రెండు మాటల మధ్యే నడిచింది.

దాదర్‌లో ఆయన కట్టుకున్న రాజగృహ పుస్తకాల కోసం కట్టుకున్న ఇల్లని ఊరికే అనరు. చోటు సొంతమైతే తప్ప పుస్తకం మనదగ్గర నిలవదని ఆయనకు అనుభవం నేర్పింది. 1936లో 'కులనిర్మూలన' ప్రసంగాన్ని లాహోర్ సంస్కర్తలు వినడానికి సిద్ధపడలేదు. సభే రద్దయింది. ఆయన సొంతంగా 1500 ప్రతులు అచ్చేయించాడు. రెండు నెలల్లో అయిపోయాయి. సభలో చోటివ్వకపోతే అచ్చులో చోటు చేసుకున్నాడు. 1946లో డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాసి, నల్లవాళ్ళ తరఫున ఐక్యరాజ్యసమితికి పెట్టిన విజ్ఞాపన పత్రం ప్రతులు పంపమని అడిగాడు. 1972లో బొంబాయి కుర్రాళ్ళు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకోవడం వెనక కూడా ఇట్లా చేతులు మారిన కాగితాలున్నాయి. కాగితాలు చేతులు మారాలంటే ఎక్కడో ఒక గడప ఉండాలి.

ఆ గడపలను బయటివాళ్ళే కూల్చుతారనుకుంటే పొరపాటు. 2016 జూన్ 25న తెల్లవారకముందే దాదర్‌లోని అంబేడ్కర్ భవన్‌ను పడగొట్టారు. బుద్ధభూషణ్ ప్రింటింగ్ ప్రెస్ ఉన్న చోటది. బాబాసాహెబ్ పత్రికలు అచ్చయిన ప్రెస్ అది. శిథిలమైందన్నారు, దాని స్థానంలో బహుళ అంతస్తుల భవనం వస్తుందన్నారు. ఆ పని జరిగింది అంబేడ్కరే స్థాపించిన ట్రస్టు పేరు మీద. వేలమంది ముంబై వీధుల్లోకి వచ్చారు. హార్లెంలో ఏ మాట చెప్పి మిషో షాపును లేపారో, దాదర్‌లో ఆ మాటే చెప్పి ప్రెస్సును పడగొట్టారు. అభివృద్ధి. చోటు మన పేరు మీద ఉన్నంతమాత్రాన చాలదనీ, దాన్ని కాపాడే నిర్మాణం, లెక్కలడిగే జనం ఉండాలనీ దాదర్ నేర్పింది.

ఇక్కడ మిషో మీదా ఒక విమర్శ పెట్టాలి. ఆయన్ను దేవుణ్ణి చేస్తే మళ్ళీ గుడి కట్టినట్టే. ఆ షాపు మొత్తం ఒక మనిషి భుజాల మీద నిలబడింది. ఆ మనిషి లేకుండా షాపు లేదు. ముల్జాక్ షాపు సంగతీ అదే. మన దగ్గరా అంతే కదా. ఒక కార్యకర్త సైకిలుకు సంచి తగిలించుకుని ఊరూరా పుస్తకాలమ్ముతాడు. ఆయన ఉన్నంతకాలం ఉద్యమం చదువుతుంది. ఆయన మంచాన పడితే సంచి అటకెక్కుతుంది. అంబేడ్కర్ 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టడంలోని ముందుచూపు ఇదే. వ్యక్తి మీద ఆధారపడితే సంస్మరణ మిగులుతుంది, సంస్థ మీద ఆధారపడితే పని మిగులుతుంది.

5

ఈ వ్యాసం చిత్తుప్రతి చదివిన ఒక పరిశోధక విద్యార్థిని నాతో వాదం పెట్టుకుంది. "సార్, మీరు షాపులకోసం ఏడుస్తున్నారు. నాకు ఫోన్‌లో ఆర్డరు చేస్తే హాస్టలుకు పుస్తకం వస్తుంది. ఏ పేట అని అడిగేవాడు లేడు. ఆడపిల్లవి ఇంతసేపు ఇక్కడేం చేస్తున్నావని చూసేవాడు లేడు. నాకదే బాగుంది" అంది. ఆ మాట నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. నిజమే. పాత షాపుల మీద ప్రేమ కురిపించే మగవాళ్ళం మనలో ఎంతమందిమి ఆ షాపుల్లో మన అక్కచెల్లెళ్ళు కనిపించకపోవడం గమనించాం? నేను మూలన నిలబడి చదివాను. మా అక్కకు ఆ మూల కూడా లేదు. హార్లెంలో నలభై ఏళ్ళు షాపు నడిపింది ఒక ఆడమనిషి. మన ఏప్రిల్ 14, డిసెంబర్ 6 స్టాళ్ళ వెనక కూర్చునేది ఎవరు? భోజనాల దగ్గర వడ్డించేది ఎవరు?

కాబట్టి ఫోన్‌లో పుస్తకం రావడాన్ని నేను తక్కువ చెయ్యను. చూపుల నుంచి, ప్రశ్నల నుంచి అది విముక్తే. కాని ఒక్కటి ఆమెతోనూ అన్నాను. పార్సిల్ ముందు సభ జరగదు. పార్సిల్ మనకు తెలిసిన పేరున్న పుస్తకాన్నే తెచ్చిపెడుతుంది. నేను ఆ షాపుకు వెళ్ళింది గైడు కోసం. పక్క అరలో అంబేడ్కర్ కనిపించాడు. పేరు తెలియని పుస్తకం ఎదురుపడాలంటే చోటుండాలి. ఆ పుస్తకం చదివి ఊపిరాడక ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే, ఆ ఎవరైనా అక్కడే ఉండాలి. మీరు చెప్పే ఆ ఎవరైనా నాకు ఏ షాపులోనూ దొరకలేదు సార్ అంది. అయితే దొరికే చోటు మనమే చెయ్యాలి అన్నాను. వాదం అక్కడ ఆగింది. తెగలేదు.

మనకు చోట్లు అసలే లేవని కాదు. నాగపూర్ దీక్షాభూమిలో, దాదర్ చైత్యభూమి దగ్గర ఏటా లేచే పుస్తకాల స్టాళ్ళు చూసినవాళ్ళెవరూ దళితులు చదవరనే మాట మళ్ళీ ఎత్తరు. చెప్పుల్లేని కాళ్ళతో రైలు దిగిన ముసలమ్మ మనవడికోసం పుస్తకం కొనుక్కుని కొంగున ముడేసుకోవడం అక్కడ మామూలు దృశ్యం. హైదరాబాద్‌లో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ఎంతమంది మన విద్యార్థులు తమ చదువు వెతుక్కున్నారో లెక్కలేదు. విశాలాంధ్ర సంచార పుస్తక వాహనం, 1980 నుంచి హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెచ్చిన తక్కువ ధర పుస్తకాలు చేసిన మేలు మర్చిపోకూడదు. కానీ స్టాలు ఒకరోజుది, ఫుట్‌పాత్ ఆదివారానిది, వాహనం వచ్చి పోయేది. సోమవారం సాయంత్రం ఒక పిల్ల వెళ్ళి కూర్చోగల చోటు ఎక్కడ? "కూర్చో" అనే చోటు ఎక్కడ?

మన వాడల్లో కమ్యూనిటీ హాళ్ళున్నాయి. అంబేడ్కర్ భవనాలున్నాయి. చర్చి గదులున్నాయి. చాలావాటికి తాళాలున్నాయి. తాళం సర్పంచి దగ్గరో, పాత కమిటీ అధ్యక్షుడి దగ్గరో ఉంటుంది. జయంతికి తెరిచి దండ వేసి మళ్ళీ వేసేస్తారు. అద్దె లేని చోటు అది. మిషోకు లేనిది, ముల్జాక్‌కు లేనిది. అందులో రెండు బీరువాల పుస్తకాలు, నాలుగు బెంచీలు, ఒక లైటు. అమ్మేవి అమ్ముదాం, కొనలేనివాళ్ళు కూర్చుని చదువుతారు. ఒక మనిషి భుజాల మీద పెట్టకుండా ఐదుగురి కమిటీ, అందులో సగానికి తగ్గకుండా ఆడవాళ్ళు. లెక్కలు గోడమీద రాయాలి. ఇదేం విప్లవం కాదు. ఇట్లాంటివి పెట్టి, నడిపి, మూసేసిన అనుభవం మనలో చాలామందికి ఉంది. ఎందుకు మూసేశామో కూడా రాసుకోవాలి. బయటి షాపుల చావు గురించి రాసినంత నిజాయితీగా మన గదుల చావు గురించి రాయకపోతే ఈ విమర్శకు విలువ లేదు.

మిత్రుడికి నా వ్యాసం పంపాను. మూలన నిలబడి చదివిన పేజీల సంగతీ రాశాను, ఎర్ర అట్ట పుస్తకం సంగతీ రాశాను. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, మొదటి సగం చాలా బాగుంది, రెండో సగం సందర్భానికి అంత పొసగదేమో, చనిపోయిన మనిషి గదా అన్నాడు. అతనూ మెత్తగానే చెప్పాడు. వేస్తే రెండూ వెయ్యి, లేకపోతే రెండూ తీసెయ్యి అన్నాను. ఇంకా తేల్చలేదు.

ఆ షాపు మూతపడిందని నాకూ బాధే. మొన్న అటు వెళ్ళినప్పుడు షట్టరు ముందు కాసేపు నిలబడ్డాను. అలవాటే గదా, నిలబడడం. ఆ అరువు ఖాతాలో నా పేరు లేదు కాబట్టి రాతపూర్వకంగా నేను బాకీ ఏమీ లేను. నిలబడి చదివిన పేజీలకు మాత్రం ఉన్నాను. ఆ బాకీ ఇప్పుడు ఆ కుటుంబానికి కట్టలేను. మా వాడలో తాళం వేసి ఉన్న హాలు తెరిపించి, అక్కడికొచ్చే పిల్లను ఏ పేట అని అడగకుండా బెంచీ చూపిస్తే, అప్పుడు కొంత తీరినట్టు.